టీచరమ్మకో ఉత్తరం: మాస్టారింటికి ఏం పట్టుకెళ్లాలి?

సెప్టెంబరు వస్తే చాలు, ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లో సగం గురువుల గురించే. మిగతా నెలల్లో అత్తాకోడళ్లు, అప్పులు, పెళ్లి సంబంధాలు. ఈసారి ఆ సగాన్నీ ఒకచోట చేర్చాను. కొత్తగా చదువుతున్నవాళ్ల కోసం ఒక మాట: నేను లెక్కల టీచర్ని. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జడ్పీ హైస్కూళ్లన్నీ తిరిగి రిటైరయ్యాను. ఇప్పుడు విజయనగరంలో అయ్యకోనేరు గట్టు దగ్గర కాపురం. జవాబులు మరీ పాఠంలా ఉంటే పేజీ తిప్పేయండి, ఏమీ అనుకోను.

మాది రాజాం దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఎలిమెంటరీ స్కూల్లో మా మాస్టారు వేసిన పునాది వల్లే ఇంతవాణ్ణయ్యానని అందరితో అంటుంటాను. ఆయన ఇప్పుడు మంచం మీదే ఉంటున్నారని అమ్మ చెప్పింది. ఊరు వదిలాక ఒక్కసారి కూడా ఆయన్ని చూడ్డానికి వెళ్లలేదు. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని వెళ్లను? వెళ్తే ఏం పట్టుకెళ్లాలి?
– కె.ఎస్., హైదరాబాద్

బాబూ, మొహం సంగతి తర్వాత, ముందు టికెట్ తీసుకో. సంక్రాంతికి ఎలాగూ వెళ్తాం కదా అప్పుడు చూద్దాంలే అనుకుంటున్నావేమో, వద్దు. మంచం మీద ఉన్న మనిషికి పండగలతో పని లేదు. చీపురుపల్లిలో రైలు దిగితే అక్కడినుంచి బస్సులూ ఆటోలూ నీకు తెలియనివి కావు.

రాలేదని మాస్టార్లు కోపం పెట్టుకుంటారని మీ కుర్రాళ్లందరి అనుమానం. ఏటా ఒక బ్యాచ్ వచ్చి ఒక బ్యాచ్ వెళ్లిపోయే చోట పనిచేసినవాళ్లం, ఎవరి కోసమని ఎదురుచూస్తాం! కానీ ఎవరైనా వస్తే మాత్రం వారం రోజులు ఆ ఇంట్లో అదే మాట. పాలబ్బాయికి కూడా చెప్తాం.

శాలువా వద్దు. రిటైరైన టీచరు ఇంట్లో బీరువా తెరిస్తే శాలువాలే మీద పడతాయి. నావాటిలో ఒకటి ఇస్త్రీ బల్ల మీద పరిచాను. ఇచ్చినవాళ్లు ఇది చదివితే క్షమించాలి. పళ్లు కొనేముందు షుగరుందేమో ఇంట్లోవాళ్లకి ఫోన్ చేసి కనుక్కో. వెళ్లాక ఆయన భార్యనో కోడలినో పక్కకి పిలిచి, మందులు ఎక్కడ తెస్తున్నారు, రాత్రిపూట ఎవరు చూస్తున్నారు అని అడుగు. డబ్బు ఇవ్వాలనిపిస్తే వాళ్ల చేతికే ఇవ్వు, ఆయన కళ్ల ముందు ఇవ్వకు.

ఆయన దగ్గర కూచున్నాక "నన్ను గుర్తుపట్టారా మాస్టారూ?" అని మాత్రం అడగొద్దు. మీకది సరదా, మాకు పరీక్ష. ఫెయిలైతే ఆ ముసలి మనిషికి ఎంత చిన్నతనం! నువ్వే నీ పేరు, నాన్న పేరు, ఏ వీధి, ఎవరి బ్యాచో కాస్త గట్టిగా చెప్పు. ఆ తర్వాత "మీరే నా దేవుడు" లాంటి మాటలు కాకుండా, ఆయన చేసిన పని ఏదో ఒకటి గుర్తుచేసి చెప్పు. అది ఆయనకి అస్సలు గుర్తుండకపోవచ్చు. అయినా చెప్పు.

ఎందుకంటున్నానంటే, ఆ మధ్య మా ఊరి ఆర్టీసీ కాంప్లెక్స్‌లో ఒకాయన వంగి దణ్ణం పెట్టాడు. కరెంటు లైన్‌మన్ అట. నా దగ్గర తొమ్మిది, పది చదివాడు. "టీచర్, ఒకరోజు ఎవరో లెక్క అడిగితే మీరు బోర్డు ముందు నిలబడి, ‘ఇది నాకు తెలీదర్రా, రేపు చూసుకొచ్చి చెప్తాను’ అన్నారు. మర్నాడు వచ్చి చెప్పారు. అంతకుముందు తెలీదన్న టీచర్ని నేను చూడలేదు" అన్నాడు. నాకది పొద్దున్న తాగిన కాఫీపాటి కూడా గుర్తులేదు. అతను ఆగలేదు. స్తంభం ఎక్కేముందు ఎల్‌సీ (లైన్ ఆపినట్టు ఇచ్చే అనుమతి) తీసుకున్నామో లేదో, అవతల సప్లయి ఆపారో లేదో అనుమానం వస్తే, పక్కవాళ్లు నవ్వినా సరే, "నాకు తెలీదు, మళ్లీ అడుగు" అంటాడట. కాంప్లెక్స్‌లో పార్వతీపురం బస్సు కదిలిపోతుంటే పరిగెత్తి ఎక్కేశాడు. పేరు అడిగేలోపే వెళ్లిపోయాడు.

మీ మాస్టారు కూడా నీకు అలాంటిదేదో ఇచ్చే ఉంటారు. ఏమిచ్చారో రైల్లో కూచుని ఆలోచించుకో. రాత్రంతా టైముంటుంది.

ఇంతమందికి జవాబులు చెప్తారు కదా, మీ గురువు ఎవరు?
– పి.ఎల్., బొబ్బిలి

చీపురుపల్లి పక్క ఊళ్లో మా లెక్కల మాస్టారు. మనవలు ఇక్కడే తిరుగుతున్నారు కాబట్టి పేరు రాయను. అందరికీ తెలిసిన చీపురుపల్లి విద్యార్థి గురజాడ అప్పారావు గారు. చిన్నప్పుడు అక్కడ చదువుకునే విజయనగరం వచ్చారు. మా మాస్టారు ఆ సంగతి నెలకోసారైనా చెప్పేవారు, తనే చదివించినట్టు.

ఆయన బోర్డు మీద ఉత్తి చేత్తో వృత్తం గీసేవారు. ఒక్క విసురు, అంతే. కొనలు రెండూ వచ్చి కలుసుకునేవి. మేం "అబ్బ!" అనేవాళ్లం. వెంటనే ఆయన చొక్కా జేబులోంచి పురికొస ముక్క తీసేవారు. ఒక కొసని నడిమధ్య బొటనవేలితో నొక్కిపట్టి, రెండో కొసకి సుద్దముక్క చుట్టి మెల్లగా తిప్పుకుంటూ వచ్చేవారు. ఎక్కడో ఒకచోట గోరంత తేడా దొరికేది. అక్కడ టిక్కు పెట్టి, "కంటికి బాగుందని వదిలేస్తారేటర్రా, కొలవాలి" అనేవారు. వృత్తం గీసిన ప్రతిసారీ ఇదే వరస. మాకు నవ్వొచ్చేది.

కొలవడం అనే జబ్బు నాకు అక్కడ అంటుకుంది. స్టాఫ్‌రూమ్‌లో ఎవరైనా "ఫలానా పేట పిల్లలకి లెక్కలు రావండీ" అంటే, యూనిట్ టెస్ట్ పేపర్ల మీద పేర్లకి కాగితం అంటించి వాళ్లచేతే దిద్దించేదాన్ని. ఆ తర్వాత కాగితం తీసి చూపించేదాన్ని. మాటల్తో వాదించడం కంటే ఇది తేలిక.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. టెన్త్ అయ్యాక మా నాన్నతో "ఆడపిల్లకి ఇక చాలు బాబూ, సంబంధం చూసేయండి" అన్నది కూడా ఈ మాస్టారే. కొలవకుండా అన్న మాట. ఆ మాట మీద కూడా పురికొస పెట్టి చూడమని మా నాన్నకి చెప్పాను. మార్కుల కాగితం ముందు పెట్టాను. కాలేజీలో చేరాను. మాస్టారి మీద గౌరవం తగ్గలేదు, ఆ మాట మీద మాత్రం ఇప్పటికీ లేదు. రెండూ ఒకే మనిషివి.

మా రోజుల్లో మాస్టార్లు బెత్తం విరిగేలా బాదేవారు. అందుకే బాగుపడ్డాం. ఇప్పుడు పిల్లాడి మీద చెయ్యి వేస్తే కేసులు. భయం లేనిదే చదువు వస్తుందా?
– వి.ఆర్., పలాస

వి.ఆర్. గారూ, బాగుపడ్డవాళ్లు ఉత్తరాలు రాస్తారు. బాగుపడనివాళ్లు రాయరు. మీ ఒకటో తరగతి హాజరు పట్టీలో ఉన్న పేర్లలో పదో తరగతి దాకా మీతో వచ్చినవి ఎన్నో ఒకసారి గుర్తుచేసుకోండి. మధ్యలో మానేసినవాళ్లలో కొందరు పేదరికం వల్ల మానేసి ఉంటారు, నిజమే. కొందరు ఎక్కం అప్పజెప్పలేక, చేతులు వాచి, గోడ దూకి పోయినవాళ్లు. మా క్లాసులో అలాంటివాడు ఒకడు జీడిపిక్కలు కొట్టే పనికి పోయాడు. పదమూడో ఎక్కం దగ్గర ఆగిపోయిన ఆ కుర్రాడు పెద్దయ్యాక పిక్కల బస్తాల లెక్క నోటితోనే కట్టేవాడు. వాడికి లెక్కలు రాకపోవడం కాదు, బెత్తం కనబడితే నోరు రాకపోవడం.

2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ఒంటి మీద దెబ్బనీ, మనసు మీద దెబ్బనీ రెండింటినీ నిషేధించింది. చట్టం లేకపోయినా నా మాట ఇదే. మీ మాస్టారు కొట్టడం ఒక్కటే చేసి ఉండరు. సాయంత్రం పూట ఇంటి అరుగు మీద కూచోబెట్టి చెప్పి ఉంటారు, బడికి రాకపోతే ఇంటికి మనిషిని పంపి ఉంటారు. దాని ఫలితాన్ని తీసుకెళ్లి బెత్తం ఖాతాలో వేస్తున్నారు మీరు.

డీఎస్సీలో ఎస్‌జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) పోస్టు వచ్చింది. సీతంపేట ఏజెన్సీలో వేశారు. ఒకటో తరగతి పిల్లలు ఇంట్లో సవర భాషే మాట్లాడతారు. నా మాట వాళ్లకి, వాళ్ల మాట నాకు అర్థం కావడం లేదు. ట్రాన్స్‌ఫర్ వచ్చేదాకా ఎలాగోలా నెట్టుకొచ్చేయమంటున్నారు సీనియర్లు. నాకేమో రోజూ టెన్షన్. ఏం చెయ్యను?
– జి.యు., పార్వతీపురం మన్యం జిల్లా

అమ్మా, టెన్షన్ పడుతున్నావంటేనే సగం టీచరువయ్యావు. నెట్టుకొచ్చేవాళ్లకి టెన్షన్ ఉండదు.

నీ పరిస్థితిలోనే ఒకాయన 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో మాస్టరుగా చేరారు. గిడుగు వెంకట రామమూర్తి గారు. ముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టారు. విజయనగరం మహారాజా వారి బడిలో గురజాడకి తోటి విద్యార్థి. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని దండ వేసి వదిలేస్తాం కదా, ఆయనే. పర్లాకిమిడి చుట్టూ కొండల్లో ఉండే సవరలకి చదువు చెప్పాలనుకున్నారు. ఆ భాష నేర్చుకుందామంటే పుస్తకం లేదు. తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆయన దగ్గర నేర్చుకున్నారు. పాఠాలు చెప్పే మాస్టారు సవర మనిషి ముందు శిష్యుడై కూచున్నారన్నమాట. తర్వాత ఆ భాషలో వాచకాలు, కథలు, పాటలు రాసి, సొంత డబ్బుతో బళ్లు పెట్టి నడిపారు. ప్రభుత్వం మెచ్చి పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవర పిల్లలకి బడి పెట్టమన్నారు. కొండల్లో తిరిగి తిరిగి మలేరియా వచ్చింది. క్వినైన్ వాడీ వాడీ చెవులు దెబ్బతిన్నాయి. వినికిడి పోయినా పని ఆపలేదు. సవర భాష మీద ఆయన పుస్తకం 1931లో, నిఘంటువు 1938లో వచ్చాయి. 1940లో ఆయన పోయారు.

తెలుగులో వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ తెలిసిందే. ఆ పోరాటానికి బీజం కొండ మీదే పడిందని నా గట్టి అనుమానం. సవర పిల్లవాడికి వాడి ఇంటి మాటలో చెప్తే కళ్లు వెలగడం చూసిన మనిషి, తెలుగు పిల్లవాడికి మాత్రం గ్రాంథికం ఎందుకు రుద్దాలి అనుకోడూ?

నువ్వు నిఘంటువు రాయక్కర్లేదు. ఈ సోమవారం చింతపిక్కలు ఒక డబ్బాడు పట్టుకెళ్లు. పిల్లల్ని చుట్టూ కూచోబెట్టి వాళ్ల భాషలో లెక్కపెట్టమను. నువ్వు నోరు మూసుకుని విను. లెక్కల టీచరుగా నాకు ఈ భాష మీద ఎంత ముచ్చటో చెప్పలేను. మనకి పది దాటితే పదకొండు, పన్నెండు, పదమూడు, అన్నీ పది మీద కూర్చినవే. సవరలో పన్నెండు దాకా అంకెలకి వేరు వేరు పేర్లున్నాయి. పదమూడంటే పన్నెండూ ఒకటి. పంతొమ్మిదంటే పన్నెండూ ఏడు. ఇరవైకి మళ్లీ కొత్త మెట్టు. అక్కణ్ణుంచి ముప్ఫై రెండంటే ఇరవయ్యీ పన్నెండు. ముప్ఫై తొమ్మిదంటే ఇరవై, పన్నెండు, ఏడు. పేర్లు నేను ఇక్కడ రాయను, పిల్లల నోటే విను. పలకడం తప్పితే వాళ్లు పడీ పడీ నవ్వుతారు. నవ్వనీ. టీచరు తప్పు పలికి మళ్లీ నేర్చుకోవడం చూశాక, రేపు తెలుగు పలకడానికి వాళ్లకి సిగ్గుండదు.

ముప్ఫై రెండు పిక్కల్ని ఒకసారి ఇరవై, పన్నెండు కుప్పలుగా పెట్టించు. అవే పిక్కల్ని పదేసి మూడు కుప్పలు, పక్కన రెండు పెట్టించు. సగం మంది పిల్లలు సంతలో విని తెలుగు అంకెలు కూడా అప్పటికే అంటుంటారు. మిగతావాళ్లకి ఆ రోజు తెలుస్తుంది, పుస్తకంలో లెక్కా ఇంట్లో లెక్కా వేరు కాదని. పన్నెండు దగ్గర తడబడిన పిల్లని చూసి "దీనికి బుర్ర లేదు" అని సీనియర్లు అంటే నువ్వేం చెప్పాలో నీకు తెలిసే ఉంటుంది.

మధ్యాహ్న భోజనం వండే ఆవిడ ఆ ఊరి మనిషే అయి ఉంటుంది కదా. ఆవిడే నీకు మొదటి గురువు. ఆకలి, ఒంటేలు, కడుపునొప్పి, కూచో, రా, భయపడకు. ఇలాంటి మాటలు ముందు ఆవిణ్ణి అడిగి చిన్న నోట్‌బుక్కులో రాసుకో. సవరలో తెలుగు లిపితో ప్రాథమిక తరగతులకి వాచకాలు తయారుచేశారు. ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఆఫీసులోనో, మీ బడి పాత బీరువాలోనో వెతుకు. ట్రాన్స్‌ఫర్ దరఖాస్తు పెట్టుకునే టైముకి ఇదంతా వచ్చేసి, వెళ్లబుద్ధి కాకపోతే నన్ను తిట్టుకోకు.

విశాఖలో కార్పొరేట్ కాలేజీలో ఇంటర్ ఎంపీసీ చదువుతున్నాను. మాది శ్రీకాకుళం టౌన్. మా కాలేజీలో కొంతమంది పిల్లలకి ఒక మెంటర్ ఉంటారు. వీకెండ్ టెస్ట్ మార్కులు ఇంటికి ఫోన్ చేసి చెప్పడమే ఆయన పని. మా నాన్న వాళ్ల మాస్టార్ల కథలు చెబుతుంటే నాకు కుళ్లుగా ఉంటుంది. నాకెందుకు అలాంటి గురువు దొరకలేదు?
– ఎన్.ఎస్., విశాఖపట్నం

తల్లీ, ముందు ఆ మెంటర్ని కొంచెం జాలిగా చూడు. ఎన్ని ఫోన్లు చేశాడో ఆయన మీద కూడా ఎవరో ఓ కాగితంలో టిక్కులు పెడుతుంటారు.

మీ నాన్నగారి కథల్లో మాస్టార్లు బంగారంలా కనబడటానికి ఒక కారణం, చెత్త మాస్టార్లని ఆయన ఈపాటికి మర్చిపోయి ఉండటం. అది పక్కన పెట్టు. ఫీజు కట్టిన చోటే గురువు దొరకాలని ఎక్కడా లేదు. మా ఊరి సంగతే చూడు. ఘంటసాల చేతి ఉంగరం అమ్ముకుని సంగీతం నేర్చుకుందామని విజయనగరం వచ్చేసరికి కాలేజీకి వేసవి సెలవులు. అడ్మిషన్ లేదు, తిండి లేదు, ఊళ్లో తెలిసినవాళ్లు లేరు. ఆ కుర్రాణ్ణి దగ్గరికి తీసి పైసా పుచ్చుకోకుండా పాఠం చెప్పింది పట్రాయని సీతారామశాస్త్రి గారు. సాలూరు చిన్న గురువుగారంటారు. ఆయనా కలిగినవారేం కాదు, అందుకని శిష్యుడు జోలె కట్టుకుని ఇల్లిల్లూ తిరిగి మధుకరం తెచ్చుకుని తినేవాడు. ఆ జోలెలో అన్నం వేసిన ఇల్లాళ్ల పేర్లు చాలావరకు ఎవరికీ తెలియవు. నన్నడిగితే వాళ్లకీ గురుదక్షిణలో వాటా ఉంది.

అదే కాలేజీ 1919లో పెట్టినప్పుడు, విద్యార్థిగా చేరదామని వెళ్లిన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్ విని, ఏకంగా పాఠాలు చెప్పే ఉద్యోగమే ఇచ్చారని మా ఊళ్లో చెప్పుకుంటారు. ఆయనకి మొదట నేర్పింది ఎవరో కాదు, సొంత అన్నగారు. చూపు సరిగ్గా లేక చదువు సాగని తమ్ముడి చేతికి ఫిడేలిచ్చారు.

మీ జిల్లా ఆమె, ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట కరణం మల్లీశ్వరి. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ. ఆమెకి మొదట్లో బరువులెత్తడం నేర్పిన కోచ్ నీలంశెట్టి అప్పన్న గారి పేరు మీ క్లాసులో ఎంతమందికి తెలుసో అడిగి చూడు.

కాబట్టి గురువు కావాలి అని కూచోకు. నీకు చెయ్యాలనిపించే పని ఏదో ఒకటి పట్టుకో, అది బాగా చేసేవాళ్ల పక్కన నిలబడు. మీ ఫిజిక్స్ లెక్చరర్‌ని పరీక్షలో రాని డౌట్ ఒకటి అడుగు. విసుక్కున్నాడా, సరే, ఇంకొకర్ని అడుగు. ఎక్కడో ఒకాయన సుద్దముక్క తీసుకుని వెనక్కి తిరుగుతాడు. హాస్టల్లో మోటారు బాగుచేసే ఆయన్ని అడిగినా తప్పులేదు.

దసరా సెలవులకి ఇంటికొస్తావు కదా. మీ టౌన్లోనే కథానిలయం ఉంది. కాళీపట్నం రామారావు గారు 1997లో మొదలుపెట్టారు. తెలుగులో వచ్చిన కథలన్నీ ఒకచోట ఉండాలని అకాడమీ అవార్డు డబ్బు కూడా అందులోనే పెట్టారు. ఆయన బతుకుతెరువు ఏమిటో తెలుసా? విశాఖలో హైస్కూలు లెక్కల మాస్టారు. 2021లో పోయేదాకా అందరికీ కారా మాస్టారే. వెళ్లి రెండు గంటలు ఊరికే ఆ అల్మరాల మధ్య తిరుగు. ఇంజినీరింగ్ ఎంట్రన్స్‌కి ఏం పనికొస్తుందని మీ మెంటర్ అడిగితే నా పేరు చెప్పు.

మా అబ్బాయి బీటెక్ థర్డ్ ఇయర్. యూట్యూబ్‌లో ఎవరో మోటివేషన్ గురువు మాయలో పడ్డాడు. తెల్లారి నాలుగింటికి చన్నీళ్ల స్నానం, ఉద్యోగం అంటే బానిసత్వం అని ఇంట్లో ఉపన్యాసాలు. ఇప్పుడు ఆయన కోర్సుకి డబ్బు కట్టమంటున్నాడు. వద్దంటే మాట్లాడటం మానేశాడు.
– ఎం.వి., ఆమదాలవలస

ఎం.వి. గారూ, ఆ గురువుని తిట్టకండి. తిట్టినకొద్దీ వాడికి ఆయన ఇంకా ఎత్తుగా కనబడతాడు. నాలుగింటికి లేవడం మంచిదే, లేవనివ్వండి. మీరూ లేచి టీ పెట్టండి. వాడితో మాట కలవడానికి అంతకంటే మంచి వేళ దొరకదు.

అప్పుడు అడగండి, కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామన్నట్టు: ఈయన ఏ వ్యాపారం చేసి సంపాదించాడు? ఉద్యోగం వద్దని చెప్పే కోర్సులు అమ్మడం కాకుండా ఇంకేదైనా ఉందా? ఆయన ఆఫీసులో పనిచేసేవాళ్లు జీతగాళ్లేనా? జవాబులు వాడినే వెతకమనండి. పైన నేను రాసిన పురికొస ఇదే. పిల్లవాడి చేతికిస్తే వాడే తిప్పుతాడు, మీరు తిప్పితే లాక్కుంటాడు. డబ్బు మాత్రం డిగ్రీ చేతికొచ్చాకే అని ఖచ్చితంగా చెప్పేయండి. అక్కడ నసగొద్దు.

ఇంకో మాట. "నువ్వు చెయ్యగలవు" అని రోజూ చెప్పే మనిషి ఫోన్లో దొరికాడు కాబట్టి వాడు అక్కడికి వెళ్లాడు. ఆ మాట ఇంట్లో ఆఖరుసారి ఎవరు అన్నారు?

ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. నాకు టెన్త్ పరీక్ష ఫీజు కట్టింది మా సైన్సు మాస్టారు. ఆయన పోయి చాలా కాలమైంది. ఆయన పేరు మీద మా హైస్కూలుకి యాభై వేలు ఇచ్చి, ఏటా ఫస్ట్ వచ్చినవాళ్లకి గోల్డ్ మెడల్ పెట్టిద్దామనుకుంటున్నాను. ఎలా చెయ్యాలి?
– టి.ఎ., నరసన్నపేట

చాలా సంతోషం టి.ఎ. గారూ. కానీ ఒకటి అడుగుతాను. మాస్టారు ఫీజు కట్టిన ఏడాది క్లాసులో ఫస్ట్ వచ్చింది మీరేనా? కాదని నా ఊహ. ఫస్ట్ వచ్చేవాడికి మెడళ్లు ఇచ్చేవాళ్లు ఊళ్లో ఎప్పుడూ ఉంటారు. మీ మాస్టారు చూసింది, అప్లికేషన్ ఇచ్చిన రోజు తల వంచుకుని వెనకాల నిలబడ్డ కుర్రాణ్ణి.

ఇప్పుడు పరీక్ష ఫీజు పెద్ద మొత్తమేం కాదు. పిల్లలు ఆగిపోయేది వేరే చోట్ల. బోర్డు కనబడక, ఆ సంగతి ఇంట్లో చెప్పక, మొద్దు అనిపించుకునేవాళ్లు ప్రతి క్లాసులో ఒకరిద్దరైనా ఉంటారు. నా సర్వీసంతా చూశాను. కళ్లజోడు రాగానే మార్కులు మారిపోయేవి. టెన్త్ అయ్యాక పాలిటెక్నిక్ అప్లికేషన్‌కీ, కౌన్సెలింగ్‌కి వెళ్లే బస్సు చార్జీకీ డబ్బు లేక ఇంట్లో కూచునే ఆడపిల్లలు ఇంకో రకం. యాభై వేలూ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వెయ్యండి. ఏటా వచ్చే వడ్డీ ఈ రెండింటికీ వాడమనండి. ఏ పిల్లకి ఇచ్చారో స్టేజీ ఎక్కించి మైకులో చెప్పొద్దని ముందే షరతు పెట్టండి. మీ మాస్టారు మీ ఫీజు మైకులో చెప్పి కట్టలేదు కదా.

పద్ధతి ఇదీ: హెడ్‌మాస్టర్ గారిని కలవండి, స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ చేత తీర్మానం రాయించండి. డిపాజిట్ ఏ ఒక్కరి పేరు మీదా కాకుండా బడి పేరు మీదే ఉండాలి. హెడ్‌మాస్టర్లు బదిలీ అయిపోతుంటారు, కాగితం ఉంటేనే కొత్తాయనకి తెలుస్తుంది. ఏడాదికోసారి వెళ్లి ఎవరికేమిచ్చారో లెక్క చూసుకోండి. ఎవరైనా మొహమాటపెట్టి "మన మధ్య రసీదెందుకండీ" అంటే, అన్నేళ్లు కండక్టర్‌గా చేసినవారు, డబ్బు తీసుకుని టికెట్ కొట్టకపోతే ఏమవుతుందో వాళ్లకి మీరే చెప్పండి.